ముద్రబెండకు రెండు పేర్లు

మా ఇంటి వెనక మురుగు పోయే మోరీ పక్కన ఒక చెట్టుంది. చెట్టంటే పెద్దదేమీ కాదు, నా భుజం దాకా వస్తుంది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. ఆకు తమలపాకు ఆకారంలో ఉండి, ముట్టుకుంటే దూడ చెవిలా మెత్తగా తగులుతుంది. పువ్వు పసుపు. పొద్దంతా ముడుచుకొని ఉండి, మధ్యాహ్నం మూడు అయ్యేసరికి, ఫస్టు షిఫ్టు వాళ్లు బాయి నుంచి పైకి వచ్చే వేళకు విప్పుకుంటుంది. బాయి అంటే మా దిక్కు బొగ్గు గని. పెళ్లయిన కొత్తలో మా క్వార్టర్లో గడియారం లేదు. అక్కడా వెనక ఇదే చెట్టు ఉండేది, దాని పువ్వును చూసే నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని.

కాయ చక్రంలా గుండ్రంగా ఉంటుంది, చుట్టూ పళ్లు పళ్లుగా. మా తల్లిగారి ఊరు రామగిరి దిక్కు. అక్కడ దాన్ని దువ్వెనకాయ అంటారు. నాకు ఆ పేరే తెలుసు. ఇంకో పేరు ఉందని తెలిసింది అత్తగారి గడప దగ్గర.

నాకు అత్త లేదు, నేను వచ్చేసరికే కాలం చేసింది. నాకు ఎదురొచ్చి హారతి పట్టింది మా తోడికోడలు, మా బావ భార్య. ఆమెను నేను అక్క అనే పిలిచాను, ఇప్పటికీ నోట్లో నుంచి అదే మాట వస్తుంది. ఆ రోజు ఆమె ఎండిన కాయలను తడి పసుపులో ముంచి గడప పొడుగునా అద్దింది. చిన్న చిన్న పొద్దులు గీసినట్టు వరసగా గుండ్రటి గుర్తులు.

"ఇవేంది అక్కా, దువ్వెనకాయలా?" అన్నాను.

"దువ్వెనకాయ ఏంది చెల్లె? మీ ఊర్ల దానితోటి నెత్తి దువ్వుకుంటరా?" అంది ఆమె. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. "ముద్రబెండ అనాలె. తల్లిగారి మాటలు తల్లిగారింట్లనే ఇడిసిపెట్టి రావాలె."

అని, నా చెయ్యి పట్టుకొని అరచేతిలో కూడా ఒక కాయ అద్దింది. "ఇగ మాదానివి. ముద్ర పడ్డది," అంది. ఆ పసుపు గుర్తు మూడు రోజులకు గాని పోలేదు. నేను కడుక్కోలేదు, అందుకని.

నా పెనిమిటికి కూడా రెండు పేర్లున్నాయి. ఇంట్లో ఒకటి, బాయిలో ఒకటి. బాయిలో ఉన్నది వాళ్ల అన్న పేరు, అంటే మా బావది. మా పెళ్లికి ముందే, బాయి పనికి రమ్మని పిలుపు కాగితం బావ పేరు మీద వచ్చిందట. బావ పనికి పోయాడు. ఒక్క రోజు దిగాడు. పైకి వచ్చి గేటు దగ్గరే కూలబడి, ఆ చీకట్లకు మళ్లీ పోను అన్నాడట. వచ్చిన కొలువు ఎందుకు పోవాలని తెల్లారి తమ్ముడు దిగాడు, అదే పేరు మీద. ఇద్దరిదీ ఒకే పోలిక, ఒకే ఎత్తు. ఆ రోజుల్లో మొహాలను ఎవరూ అంత పట్టి చూడలేదు. హాజరు మస్టర్లో పేరు పిలిస్తే పలికే మనిషి ఉంటే చాలు. బావ పొలం చూసుకున్నాడు, తమ్ముడు బొగ్గు తవ్వాడు. ఇట్లాంటి మారుపేరు మనుషులు మా దిక్కు ఇంకా ఉన్నారు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

ఈ సంగతి నాకు పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదు. గోదావరిఖనిలో కాపురం పెట్టిన వారం రోజులకు, ఒకాయన క్వార్టర్ గేటు దగ్గర నిలబడి బావ పేరు పెట్టి గట్టిగా పిలిచాడు.

"ఆయన ఈడ లేడన్నా. ఊర్ల పొలం కాడ ఉన్నడు," అన్నాను నేను.

ఆయన నోరు తెరిచి నన్నే చూశాడు. "పొద్దుగాల నాతోటి బాయి దిగిండు గదమ్మా, పొలం కాడికి ఎట్ల పోయిండు?"

లోపల స్నానం చేస్తున్న నా పెనిమిటి తువ్వాల చుట్టుకొని ఉరికి వచ్చాడు. "నేనే, నేనే! ఆమెకు తెల్వదు, కొత్తగ వచ్చింది." ఆ పూట నాకు కథంతా చెప్పి, "బయట నా పేరెత్తకు, ఏమైనా అయితే కొలువు ఊడుతది," అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నాకు నవ్వొచ్చింది కూడా. మనిషికి రెండు పేర్లుంటే ఏమైతది, చెట్టుకు లేవా అనుకున్నాను. అప్పటి నుంచి దవాఖానలో "ఫలానా ఆయన భార్య" అని బావ పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడటం అలవాటు చేసుకున్నాను. మొదట్లో నాలుక కొరుక్కునేదాన్ని, తర్వాత అదీ లేదు.

బిడ్డ పుట్టాక నాకు ఫికర్ మొదలైంది. ఆఫీసు పుస్తకంలో మొగుని పేరు బావదైతే, భార్య పేరు ఎవరిది? ఒక రోజు అడిగాను. ఆయన అన్నం తింటూ ఆగి, "మొదట్ల వదిన పేరే ఉండె. వాళ్ల రేషన్ కార్డు ఇచ్చినం గద," అన్నాడు.

"మరి నేను?"

"మార్పిస్త. సార్‌కు చెప్పిన."

పదిహేను రోజులు రోజూ అడిగాను. చివరికి ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా జేబులో నుంచి కాగితం తీసి నా ముందు పరిచాడు. "ఇగో, నీ పేరు ఎక్కింది. ఇగ నన్ను సతాయించకు." కాగితంలో రాత నాకు తెలియదు. కింద మూలకు ఊదా రంగు ముద్ర ఉంది. గుండ్రంగా, అంచు చుట్టూ పళ్లు. అచ్చం ముద్రబెండ కాయ. దాన్ని చూడగానే నా అరచేతిలోని పసుపు గుర్తు మతికొచ్చింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పెండ్లి చీర మడతలో పెట్టి, సందూకలో అడుగున దాచాను. దాన్ని మళ్లీ ఎవరి చేతా చదివించలేదు. ముద్ర ఉన్న కాగితాన్ని చదివించుకోవాలని ఎవరికి తోస్తుంది? బిడ్డ బడికి పోయి చదువు నేర్చింది, పక్కనే కూర్చొని, అవ్వా విను అని నాకు పేపరు చదివి వినిపించేది. నా సందూకలోని కాగితం మాత్రం నేను తీయలేదు.

బిడ్డను బడిలో వేసినప్పుడు తండ్రి పేరు ఏది రాయించాలని నేను అడిగితే, ఆయనకు కోపం వచ్చింది. "నా బిడ్డకు నా పేరే ఉండాలె. బాయిల పేరు బాయిలనే ఉండనీ." తన సొంత పేరే రాయించాడు. ఆ రోజు నాకు ఎంత మంచిగా అనిపించిందో చెప్పలేను.

అక్క వాళ్లు ఊరి నుంచి తరచు వచ్చేవాళ్లు. బావకు మొలల బాధ ఉండేది. మా అమ్మ నాకు నేర్పిన మందు ఒకటే, ఈ ఆకు. పురుగు కొట్టని లేత ఆకులు చూసి తెంపాలి. బొగ్గు దుమ్ము ఆకు మీది నూగుకు అంటుకుంటే తొందరగా వదలదు, నాలుగు నీళ్లలో కడగాలి. ఉల్లిగడ్డ కోసి వేసి నెయ్యిలో వేయించి, పరిగడుపున పెట్టాలి. ముదురు ఆకు పనికిరాదు, గొంతులో దురద పెడుతుంది. నేను ఆ కూర చేసి పెడితే బావ తిని, "మీ చెల్లె చెయ్యి దవాఖానకంటె నయం," అని అక్కతో అనేవాడు. అక్క ఎన్నడూ ఆ ఆకు ఎట్లా తెంపాలో అడగలేదు. "నువ్వుండంగ నాకెందుకు చెల్లె?" అనేది.

బిడ్డ చదువు అయిపోయినాక ఒకనాడు, నా పెనిమిటి ఫస్టు షిఫ్టు చేసి వచ్చి, కాళ్లు కడుక్కొని, వెనక అరుగు మీద కూర్చున్నాడు. పువ్వులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. చాయ్ తెమ్మన్నాడు. నేను తెచ్చేలోపల ఛాతీ పట్టుకొని పక్కకు ఒరిగాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. వాళ్లు రాసిచ్చిన కాగితంలో చనిపోయింది బావ. ఊళ్లో తలకొరివి పెట్టింది కూడా బావే, మాకు కొడుకు లేడు కాబట్టి. కాగితం లెక్కన చూస్తే బావ తనకు తనే కొరివి పెట్టుకున్నాడు. అప్పుడది ఎవరికీ తట్టలేదు. నాకైతే తట్టలేదు.

పదో రోజు నా గాజులు తీసింది అక్కే. పగలగొట్టనివ్వలేదు, "చెల్లె చెయ్యి కోసుకుంటది," అని సబ్బు పెట్టి ఒక్కొక్కటే మెల్లగా జార్చింది. మెట్టెలు తీసింది. బొట్టు తుడిచింది, తన కొంగుతో. నన్ను పట్టుకొని ఏడ్చింది. "నేను లేనా నీకు? ఏడువకు చెల్లె, నేనున్న," అంది. ఆ మాట మీద ఆ రాత్రి నిద్ర పట్టింది నాకు.

కొలువులో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి కొలువు ఇస్తారు. కొడుకైనా సరే, బిడ్డ అయినా సరే. నా బిడ్డ డిగ్రీ చదివింది. నెల దాటాక, ఆఫీసుకు పోదామని సందూక తెరిచి ఆ కాగితం తీసి దాని చేతికిచ్చాను. అది చదివి, మళ్లీ చదివి, నా దిక్కు చూసింది.

"అవ్వా, ఇది బాపు సెలవు కాగితం. జ్వరం వచ్చి నాలుగు రోజులు పోలేదని రాసి ఉంది. ముద్ర దవాఖానది."

"నా పేరు లేదా?"

"ఎక్కడా లేదు."

"మంచిగ సూడు."

"చూసిన అవ్వా."

ఇరవై ఏళ్లకు పైగా ఆ కాగితాన్ని పెండ్లి చీరలో దాచి, ఏటా ఎండకు పెట్టి, మళ్లీ మడిచి పెట్టాను. నన్ను ఊరుకోబెట్టడానికి జ్వరం చిట్టి తెచ్చి చూపించాడు. పుస్తకంలో పేరు మార్పించాలంటే మొదట తన సంగతి బయటపడుతుందని భయపడి ఉంటాడు. ఆ భయం నాకు చెప్పి ఉంటే నేను అర్థం చేసుకునేదాన్నేమో. చెప్పలేదు. నాకు చదువు రాదన్న ధైర్యంతో పడుకున్నాడు పక్కన, అన్నేళ్లూ.

అయినా ఆశ చావలేదు. అక్క ఉంది కదా. ఆమె వచ్చి, పుస్తకంలో ఉన్నది నా పేరు గాని మనిషి ఈమె పెనిమిటి అని ఒక్క మాట చెప్తే ఏదో దారి దొరుకుతుందనుకున్నాను. నేను, బిడ్డ, ఆటోలో ఆఫీసుకు పోయాం.

వరండాలో బెంచీ మీద అక్క కూర్చొని ఉంది. పక్కన ఆమె కొడుకు. అక్క నుదుటి మీద బొట్టు లేదు. చేతులకు గాజుల్లేవు. వేళ్లకు మెట్టెల్లేవు. బావ కూడా పోయాడనుకున్నాను. మేము పుట్టెడు దుఃఖంలో ఉన్నామని నాకు కబురు పెట్టలేదనుకున్నాను.

"అక్కా! బావకు ఏమాయెనే? ఎప్పుడే? నాకొక్క మాట చెప్పకపోతిరి గదనే!" అని ఆమెను గట్టిగా పట్టుకొని శోకం పెట్టాను. అక్కడున్న వాళ్లంతా లేచి చూశారు. నా పెనిమిటి పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదేమో. అక్క మాత్రం కట్టెలా బిగుసుకుపోయింది. ఏడవలేదు, నన్ను పట్టుకోలేదు. కొడుకు గోడ మీది క్యాలెండర్ దిక్కు చూస్తున్నాడు.

నా బిడ్డ నన్ను వెనక్కి గుంజింది. "అవ్వా, ఊకో. పెదబాపుకు ఏం కాలేదు. పొద్దున్నే బస్టాండు కాడ బీడీ తాగుతుంటే చూసిన."

అప్పుడే లోపలి నుంచి క్లర్కు, "ఫలానా ఆయన భార్య ఎవరమ్మా, రావాలె," అని బావ పేరు పెట్టి పిలిచాడు. అన్నేళ్ల అలవాటు, నేను లేచాను. అక్క కూడా లేచింది. ఇద్దరం ఒకేసారి.

లోపల ఉన్న ఆఫీసరు కోస్తా ఆయన, మంచివాడే. బల్ల మీద పుస్తకం తెరిచి మా వైపు తిప్పాడు. ఫొటోలో ఉన్నది నా పెనిమిటి. చొక్కా పై గుండీ పెట్టుకొని, ఫొటో అంటే భయపడి బిగుసుకున్న మొహం. దాని కింద పేరు బావది. దాని కింద భార్య పేరు, అక్కది. కొడుకు పేరు, అక్క కొడుకుది. ఆఫీసరు వేలు పెట్టి చదివి చూపించాడు.

"ఇందులో భార్య అని రాసింది ఈవిడ పేరే. మరి నువ్వెవరమ్మా?" అని నన్ను అడిగాడు.

ఆయనే గొంతు తగ్గించి అన్నాడు. "చూడమ్మా, నేను ఎవరినీ బెదిరించట్లేదు. ఉన్న రూలు చెబుతున్నాను. ఈ పేరు మీద పని చేసింది వేరే మనిషని తేలితే, ఆయన చేసిన సర్వీసు అంతా చెల్లదు. ఉద్యోగం నీకూ రాదు, ఈవిడకూ రాదు. దొంగ పేరుతో పని చేశాడని రాస్తారు. ఆలోచించుకొని చెప్పు."

బిడ్డ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్క తల వంచుకొనే ఉంది. ఆమె నుదుటి మీద బొట్టు పెట్టే చోట చర్మం తెల్లగా, చిన్నగా, గుండ్రంగా కనిపిస్తోంది. ఎన్నో ఏళ్లు ఎండ తగలని చోటు. నా బొట్టు తుడిచిన కొంగే ఆమె భుజం మీద ఉంది, అదే చీర.

నేను ఫొటో చూశాను. దొంగ అని రాస్తారట. దగ్గి దగ్గి నల్లటి కళ్లె ఊసిన మనిషిని. పండగ లేదు పబ్బం లేదు, ఏ షిఫ్టు వేస్తే ఆ షిఫ్టు దిగిన మనిషిని. ఆయన నాకు అబద్ధం చెప్పాడు, నిజమే. కానీ తవ్విన బొగ్గు అబద్ధం కాదు కదా.

"నేను ఈమెకు తోడికోడల్ని సార్," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆఫీసరు పుస్తకం మూశాడు. ఆటో ఎక్కాక బిడ్డ ఒక్కటే అంది. "నువ్వు బాపును కాపాడినవు. నన్ను ఎవరు కాపాడాలె అవ్వా?" నా పెనిమిటిని పోగొట్టుకున్నాను, సరే. నా ముండమోపితనం కూడా అక్క ఎత్తుకుపోతుందని కలలో కూడా అనుకోలేదు.

కొలువు అక్క కొడుక్కి వచ్చింది. మేము క్వార్టర్ ఖాళీ చేసి ఈ అద్దె గదికి వచ్చాం. ఇక్కడా వెనక మోరీ పక్కన అదే చెట్టు మొలిచి ఉంది. బిడ్డ జిరాక్సు సెంటర్లో పని చేస్తుంది, పొద్దంతా వేరేవాళ్ల దరఖాస్తులు నింపుతుంది. అక్క ఇప్పుడు కొడుకు క్వార్టర్లో ఉంటుంది. బొట్టు లేకుండానే తిరుగుతుంది. బావ మాత్రం ఊళ్లోనే. కొడుకు దగ్గరికి రాలేడు, పుస్తకంలో చచ్చిపోయిన మనిషి కాలనీలో ఎట్లా తిరుగుతాడు?

మొన్న ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే అక్క. ఆఫీసు తర్వాత నా గడప తొక్కడం అదే మొదటిసారి. కూర్చోమనలేదు, ఆమె కూర్చోలేదు.

"చెల్లె, ఆకు కావాలె," అంది.

"ఏం ఆకు?"

"నీకు తెల్వదా? మొలలకు. నెత్తురు పడుతున్నది. బయట డాక్టర్ల మందులు వాడిన, తగ్గుతలేదు. కంపెనీ దవాఖానకు తీసుకపోరాదాయె."

"ఎవరికి?"

ఆమె నా మొహం చూసి, తల తిప్పింది. పక్క గది వాళ్లు బట్టలు ఆరేస్తున్నారు. "తెల్వనట్టు అడుగకు చెల్లె."

"తెల్వకనే అడుగుతున్న. ఎవరికి?"

"మీ బావకు," అంది, పెదవులు కూడా కదలకుండా.

"నాకు బావ ఏడున్నడు? కొరివి పెట్టినం గద. నువ్వు ఆయన పేరు మీద బొట్టు తీసేస్తివి, నేను గట్టిగ ఏడిస్తి. అంతమంది సూసిండ్రు."

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నన్ను సంపకు. కొడుకు కోసం చేసిన. నీకు కొడుకుంటే నువ్వు చెయ్యకపోదువా?"

"నాకు బిడ్డ లేదా అక్కా?"

ఆ మాటకు ఆమె మళ్లీ పక్క గది దిక్కు చూసింది. నిజం చెప్తున్నాను, ఒక్క మాట అని ఉంటే నేను కరిగిపోయేదాన్ని. ఆయన నీ పెనిమిటి, కొలువు నీ బిడ్డది, నేను ఎత్తుకపోయిన అని, ఆ బట్టలారేసేవాళ్లు వినేటట్టు ఒక్కసారి అని ఉంటే, నేనే ఆకు తెంపి, కడిగి, వేయించి గిన్నెలో పెట్టి ఇచ్చేదాన్ని. ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, గొంతు తగ్గించి, "జల్ది ఇయ్యి చెల్లె, ఎవరన్న సూస్తరు," అంది.

నేను మోరీ దిక్కు చెయ్యి చూపించాను. "చెట్టు నాది కాదు. తెంపుకో."

ఆమె పోయి తెంపడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ముదురు ఆకులు తెంపుతోంది. చిల్లులు పడ్డవి, కింద దుమ్ము కొట్టుకొనిపోయినవి, చేతికి ఏది అందితే అది. లేతవి పైన ఉన్నాయి, చిటారున. వాటి జోలికే పోలేదు. పైవి తెంపు అక్కా, నాలుగు నీళ్లలో కడుగు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆఫీసులో మింగినట్టే దాన్ని కూడా మింగాను. రెండో మాట మింగడం మొదటి దానికంటే సులువుగా అయింది. అందుకు నాకే భయం వేసింది.

కొంగు నిండా ఆకులు మూటగట్టుకొని అక్క వెళ్లిపోయింది. అప్పుడు మూడైంది, సైరన్ మోగింది. తెంపుడుకు ఊగిపోయిన కొమ్మల మీద పువ్వులు ఒక్కొక్కటి విచ్చుకున్నాయి. ఎసరు పెట్టాల్సిన పని లేదు గాని, నా కాళ్లు పొయ్యి దిక్కే పోయాయి.

ఇదంతా నేను చెప్తుంటే రాసింది నా బిడ్డ. మధ్యలో కలం ఆపి, "బాపు పేరు ఎక్కడా రాయలేదు అవ్వా, రాయనా?" అని అడిగింది. ఏ పేరు రాస్తావు అన్నాను. సొంత పేరు రాస్తే ఆయన ఎన్నడూ బాయి దిగలేదు. బాయి పేరు రాస్తే నేను ఆయన భార్యను కాదు.

బిడ్డ, జిరాక్సు సెంటర్లో అందరి కాగితాలకు చేసినట్టే, ఆ చోట గీత గీసి ఖాళీగా వదిలింది.